రెజ్యూమే పంపే ముందు ఒకసారి చూసుకోండి

అందరికీ నమస్కారం. రిఫరల్ కోసం, అంటే ఉద్యోగానికి సిఫార్సు చేయమని, మీరు పంపిన రెజ్యూమేలు చూశాక ఈ మెసేజ్ పెడుతున్నా.

ఒక్క అచ్చుతప్పుకే ఉద్యోగం పోదు. కానీ అప్లికేషన్లు వందల్లో వచ్చినప్పుడు హెచ్‌ఆర్ వాళ్లకు పక్కన పెట్టడానికి ఏదో ఒక కారణం కావాలి, అది మనమే ఇవ్వకూడదు. కోడింగ్ ఉద్యోగాలకైతే కామా పోయినా చాలామంది పట్టించుకోరు. కంటెంట్, కస్టమర్ సపోర్ట్‌లో రాయడమే పని కాబట్టి అక్కడ ఊరుకోరు. కవర్ లెటర్‌లో వేరే కంపెనీ పేరు వదిలేస్తే మాత్రం ఎక్కడైనా కష్టమే!

స్పెల్ చెక్‌ని పూర్తిగా నమ్మకండి. మేనేజర్‌లో రెండో 'ఏ' ఎగిరిపోయినా అది ఎర్రగీత పెట్టదు, ఎందుకంటే మిగిలేది కూడా ఇంగ్లిష్‌లో ఉన్న మాటే. స్కిల్స్‌లో కుబెర్నెటిస్ లాంటి సాఫ్ట్‌వేర్ పేరు తప్పు రాస్తే, రిక్రూటర్ నౌకరీ జాబ్ సైట్‌లో వెతికినప్పుడు మీ ప్రొఫైల్ కనిపించకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం మీ పేరు. టెన్త్ మెమోలో లక్ష్మికి చివర 'ఐ', పాన్ కార్డులో 'వై', రెజ్యూమేలో ఇంటిపేరే లేదు. ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇది గ్రామర్ కంటే పెద్ద టెన్షన్, కొన్నిచోట్ల అఫిడవిట్ కూడా అడుగుతారు. మెమోలో ఉన్నట్టే రాయండి.

చాట్‌జీపీటీతో దిద్దించుకోండి, తప్పేం లేదు. ఇంటర్వ్యూలో మీరు వివరించలేని మాటలు మాత్రం తీసేయండి.

సరిచేసిన పీడీఎఫ్‌లు శనివారం సాయంత్రంలోగా నాకు విడిగా పంపండి. ఫైల్‌కి 'ఫైనల్ ఫైనల్ 2' అని కాకుండా మీ పేరు పెట్టండి, ప్లీజ్.