పోలింగ్ ముందు రాత్రి వచ్చే అబద్ధానికి జవాబు ఎవరు చెప్పాలి?

రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి గారికి,

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. 2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్. ముందు రోజు రాత్రి మా అమ్మ నిద్రపోలేదు. పక్కింటివాళ్లు ఫోన్‌లో ఒక నాయకుడి మాటలు వినిపించారట: అవతలి పార్టీ పింఛన్లు తీసేస్తామని మేనిఫెస్టోలోనే రాసుకుందని. అమ్మకు నెలకు వచ్చేది 2016 రూపాయలు. బీపీ గోలీలు, చాయ్‌పత్తా అన్నీ అందులోనే. పింఛన్ పుస్తకం కొంగులో చుట్టుకుని కూర్చుంది. నిజానికి ఆ ఎన్నికల్లో ఒక పెద్ద పార్టీ పింఛన్ 4000 చేస్తామంది, ఇంకొకటి మెల్లమెల్లగా 5016 దాకా పెంచుతామంది. అదే చెప్పాను. "అంత పెద్ద లీడర్ అబద్ధం చెప్తడా కొడుకా?" అంది.

చెప్తాడమ్మా. చెప్పినందుకు ఆయనకు పోయేదేమీ లేదు. చెరువు నింపానని ఓటడగాలంటే నీళ్లు చూపించాలి, భయపెట్టడానికి ఒక వాయిస్ మెసేజ్ చాలు. పోలింగ్‌కు 48 గంటల ముందే మైకులు బంద్ అవుతాయి, వాట్సాప్ మాత్రం బంద్ కాదు. ఖండించేవాళ్లు సభ పెట్టలేరు. సరిగ్గా ఆ వేళ చూసే వదులుతారు.

చట్టం మీకు తెలిసిందే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) సెక్షన్ అభ్యర్థి వ్యక్తిగత నడత మీద తెలిసి చెప్పే అబద్ధాన్ని పట్టుకుంటుంది. పథకాల మీద, మేనిఫెస్టోల మీద చెప్పేవి దానికి దొరకవు. దొరికినా, ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేసి, ఆ తర్వాత వాయిదాల చుట్టూ తిరగాలి. అభ్యర్థి పరువుకు ఉన్న కాపలా మా అమ్మ ఓటుకు లేదు. నా బాధ అక్కడే.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని పుకార్లు లేచినప్పుడు, గద్వాల వైపు పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు కొట్టి, పాటలు పాడి, ఫోన్‌లో వచ్చినదల్లా నమ్మొద్దని చెప్పారు. ఎన్నికలప్పుడు ఆ పని మీరు చేయించండి. పుకారు లేచిన రోజే, పొద్దుగూకేలోపు, ఊళ్లో దండోరా వేయించండి. ఏ పార్టీనీ తిట్టక్కర్లేదు, మేనిఫెస్టోలో పింఛన్ గురించి ఉన్న ముక్క ఉన్నట్టు చదివిస్తే చాలు. వెబ్‌సైట్‌లో పెడితే మా అమ్మకు చేరదు. ఓటరు స్లిప్ ఇవ్వడానికి బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) మా గడపలోకి వస్తుంది. ఆమె నోటితో చెప్పించినా అమ్మ నమ్ముతుంది.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత ఓటరు