పై వాటా అమ్మాయికి, పాల లెక్కల తరఫున

ఈ పక్షం పాల బిల్లుల డబ్బు మొన్న బుధవారం అందరి ఖాతాల్లో పడింది. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఈ రెండు వాక్యాలు రాయాలని రెండు నెలలుగా ఎదురుచూశాను. ఇందుకు కారణమైన అమ్మాయికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేరు రాయవద్దని ఆమె కోరింది, అందుకే రాయడం లేదు. మా పై వాటాలో అద్దెకుంటుంది. ఒక కంపెనీలో డేటా విశ్లేషణ ఆమె ఉద్యోగం. నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది.

నేను పాల సేకరణ కేంద్రాల లెక్కలు చూస్తాను. 31 ఊళ్ళ నుంచి రెండు పూటలా వివరాలు వస్తాయి: పాలు పోసినవారి కోడ్, లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక ఉండే మిగతా ఘన పదార్థం). పదిహేను రోజులకొకసారి అవన్నీ ఎక్సెల్‌లో కలిపి, ఎవరికెంత రావాలో తేల్చి, బ్యాంకుకు జాబితా పంపాలి. పదకొండేళ్ళుగా ఇదే పని.

రెండు నెలల క్రితం, కొత్తగా చేరిన ఒక ఊళ్ళో ముగ్గురి డబ్బు బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. వారిలో ఒకావిడ రెండు గేదెల మీద ఇల్లు నడుపుకుంటుంది. కొంగులో చుట్టి తెచ్చిన పాస్‌బుక్ నా బల్ల మీద పెట్టి, "దాణా కొట్టతనికి ఈ రోజు ఇస్తానని మాటిచ్చానమ్మా" అంది. పాస్‌బుక్‌లో ఖాతా నంబరు చివరి అంకె 7. నా షీటులో 0. నేను మార్చలేదు, మా కార్యాలయంలో ఎవరూ మార్చలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి కనిపిస్తే ఉండబట్టలేక చెప్పాను. ఆఫీసు నుంచి అప్పుడే వస్తోంది. బ్యాగు కూడా దించకుండా మా ఇంట్లోకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫైలు చూసిన రెండు నిమిషాల్లో సంగతి తేలిపోయింది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుందట, 16వ అంకె సున్నా అయిపోతుందట. ఆ ముగ్గురివీ 16 అంకెల ఖాతాలు. ఊరి నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైలును (వివరాల మధ్య కామాలు మాత్రమే ఉండే సాదా ఫైలు) రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడే అవి సంఖ్యలుగా మారాయి. సేవ్ చేయగానే అసలు అంకె శాశ్వతంగా పోయింది. ఆ తర్వాత గడిని టెక్స్ట్‌గా మార్చినా తిరిగి రాదు.

"ఖాతా నంబరుతో మనం కూడికలు చేయం కదా పిన్నిగారూ. అది అంకెల్లో రాసిన పేరు. పేరును పేరుగానే తెచ్చుకోవాలి" అంది. ఈ ఒక్క మాటతో నా పని తీరు మారిపోయింది. ఇప్పుడు ఏ ఫైలునూ నేరుగా తెరవను. డేటా మెనూ నుంచి తెచ్చుకుంటూ ఖాతా, ఫోను, కోడ్ కాలమ్‌లు మూడింటినీ ముందే టెక్స్ట్‌గా ఎంచుకుంటాను.

నా ముఖం చూసి ఊరట మాటలు కూడా చెప్పింది. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదట. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి జారిపోయాయి. అదే ఏడాది శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు, ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తోందని. అంత పెద్దవాళ్ళకే తప్పలేదని విన్నాక కాస్త ఊపిరి తీసుకున్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు నా కోసం కేటాయించింది. మౌస్ ఎప్పుడూ తాను పట్టుకోలేదు, అంతా నా చేతే చేయించింది. మొదటి సాయంత్రం ఒక్క ఫార్ములా కూడా చెప్పలేదు. కాలమ్‌లు వెడల్పు చేసి ఊరికే చూడమంది. మనం సర్దకుండా వదిలేస్తే సంఖ్యలు గడిలో కుడి అంచుకు, అక్షరాలు ఎడమ అంచుకు చేరతాయి. ఒకే కాలమ్‌లో కొన్ని అటూ కొన్ని ఇటూ ఉంటే అక్కడ ఏదో ఉందన్నమాట. పదకొండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉన్నా నేను గమనించని సంగతి ఇది. మా తేదీల కాలమ్‌లో 13 నుంచి 31 వరకు ఎడమవైపు ఉన్నాయి, 1 నుంచి 12 వరకు కుడివైపు. ఆ కంప్యూటర్‌లో నెల ముందు, రోజు తర్వాత అన్న అమరిక ఉంది. దాంతో జూలై 5 కాస్తా మే 7 అయింది. 13వ నెల లేదు కాబట్టి మిగతావి తేదీలే కాకుండా పోయాయి.

ఒక కోడ్ ఎంత వెతికినా జాబితాలో దొరకలేదు. కంటికి రెండూ ఒకటే. పక్క గడిలో, ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే లెన్ ఫార్ములా రాయించింది. ఒకచోట 4, మరోచోట 5 వచ్చింది. చివర కనిపించని ఖాళీ ఒకటి! అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫార్ములాతో అది పోయింది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే ఖాళీ మాత్రం ట్రిమ్‌కు లొంగదు. కంప్యూటర్ లెక్కలో 160వ నంబరు గల ఆ అక్షరాన్ని, ఒకదాని బదులు మరొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్‌ ఫార్ములాతో తీసేయాలి.

ఒక కోడ్‌ను పట్టికలో వెతికి దాని ఎదుటి వివరం తెచ్చే ఫార్ములా వీలుకప్. అచ్చంగా అదే కావాలా, దగ్గరిదైనా చాలా అని చెప్పే దాని చివరి మాటను నేను వదిలేసేదాన్ని. అలా వదిలేస్తే ఎక్సెల్ దగ్గరగా ఉన్నదాన్ని తెస్తుంది, తప్పని కూడా చెప్పదు. కోడ్‌తో మనిషిని వెతికేటప్పుడు అక్కడ ఫాల్స్ (అచ్చంగా అదే కావాలని) రాయడం తప్పనిసరి. రోజుకు 5 లీటర్లు దాటితే ఒక ప్రోత్సాహకం, 10 దాటితే మరొకటి అని మెట్లుగా ఉండే మా పట్టికకు మాత్రం ఆ దగ్గరి వెతుకులాటే సరైనదని, మెట్లు చిన్నదాని నుంచి పెద్దదానికి ఉండాలని చూపించింది. నేను ఇన్నాళ్ళూ రెండింటికీ ఒకటే వాడుతూ వచ్చాను.

వెన్న సగటు మరీ ముఖ్యం. ఒక ఊళ్ళో 10 లీటర్లు 7 శాతంతో, 90 లీటర్లు 5 శాతంతో వస్తే, నేను 6 అని రాసేదాన్ని. అసలు సగటు 5.2. లీటర్లను శాతంతో గుణించి, కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. గుణించి కూడే పని సమ్‌ప్రొడక్ట్ ఫార్ములాయే చేస్తుంది కాబట్టి ఒక్క గడిలో అయిపోతుంది. వరుసలన్నిటినీ ఊరివారీగానో మనిషివారీగానో కూడి చూపే పివట్ టేబుల్ కూడా నేర్పింది. అందులో ఒక మొత్తం మీద రెండుసార్లు నొక్కితే దాని వెనకున్న వరుసలన్నీ కొత్త షీటులో తెరుచుకుంటాయి. ఇప్పుడు ఎవరైనా వచ్చి "నా లెక్క ఇదేనా?" అని అడిగితే వాళ్ళ పాలన్నీ పూటవారీగా చూపించగలుగుతున్నాను.

పాస్‌బుక్‌లు చూసి ప్రతి ఖాతా నంబరునూ మళ్ళీ సరిపోల్చిన కేంద్రాల కుర్రాళ్ళకు, బుధ, శుక్రవారాల్లో నన్ను గంట ముందే ఇంటికి పంపిన మా మేనేజర్ గారికి కూడా ధన్యవాదాలు.

అమ్మాయీ, డబ్బిస్తానంటే ముఖం చిన్నబుచ్చుకున్నావు, మళ్ళీ ఆ మాట ఎత్తను. నిన్న ఆ దాణా బాకీ ఆవిడ వచ్చింది. గేదె ఈనిందట. నా షీటు సరిచేసింది నువ్వని తెలిసి, స్టీలు క్యానులో జున్నుపాలు తెచ్చి "ఆ బిడ్డకు ఇవ్వండి" అని బల్ల మీద పెట్టింది. బెల్లం, మిరియాల పొడి వేసి వండాను. నీ వాటా గిన్నెలో తీసి ఉంచాను, ఆఫీసు నుంచి రాగానే ఒకసారి కిందికి రా.