జయపురం నుంచి పర్లాకిమిడికి జోడు పెట్టెలు

పర్లాకిమిడి,
సంక్రాంతి ముందు, రాత్రి భోజనాలయ్యాక

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరాలకు జవాబు రాయకుండా ఇన్నాళ్లు ఊరుకున్నందుకు నన్ను తిట్టుకునే ఉంటావు. ఆ తిట్లన్నీ గుమ్మడికాయ ఖాతాలో జమ చేసుకో, వచ్చినప్పుడు వడ్డీతో సహా చెల్లిస్తాను. అమ్మ మోకాళ్లు కాస్త నయం, అమ్మాయికి బ్రహ్మపురంలో సీటు వచ్చింది, పెరటి గోడ వానలకు కూలితే మళ్లీ కట్టించాం. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టేలా లేదు.

జయపురం డాక్టరుగారి జోడు పెట్టెలు, అదే ఆ పాటల స్పీకర్లు, ఇప్పుడు మా ముందుగదిలో ఉన్నాయి!

మీ మేనత్తగారి ఇంటి పెళ్లికి జయపురం వెళ్లినప్పుడు, విడిది నుంచి తప్పించుకుని వీధి చివరి మేడ కిటికీ కింద మనమిద్దరం నిలబడిపోవడం, లోపలి నుంచి వయొలిన్ వినిపిస్తుంటే ఎవరో విద్వాంసుడు స్వయంగా వాయిస్తున్నాడని నువ్వు పందెం కాయడం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ పందెం డబ్బులు ఇంకా రావాలి. డాక్టరుగారు పోయి కొన్నేళ్లయింది. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఆయన భార్య ఒక్కరే ఆ మేడలో ఉంటూ, కింది వాటా అమ్మేయడానికి సిద్ధపడి, సామాను ఖాళీ చేయిస్తున్నారని మా బావమరిది ఎవరి ద్వారానో విని నా చెవిన వేశాడు. మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కాను.

ఏముందో వరసగా చెబుతాను. నీకు తెలియనివి కావు గానీ, రాయడంలో ఉన్న సుఖం కోసం రాస్తున్నాను. 1963లో ఇంగ్లండులో పై చదువు ముగించుకుని వస్తూ ఆయన ఓడలో వేయించుకున్న సరుకది. స్విండన్‌లో తయారైన గెరార్డ్ 301 టర్న్‌టేబుల్, మీగడ రంగుది. దాని మీద ముల్లును మోసే చెయ్యి, ఎస్.ఎం.ఇ. 3009 టోన్ ఆర్మ్. హంటింగ్డన్ నుంచి వచ్చిన క్వాడ్ 22 కంట్రోల్ యూనిట్, దానికి జోడుగా చెవికొకటి చొప్పున రెండు క్వాడ్ 2 వాల్వు ఆంప్లిఫయర్లు, ఒక్కొక్కటి 15 వాట్లు. చివరగా ఆ పెట్టెలు: టానాయ్ వారి జి.ఆర్.ఎఫ్. క్యాబినెట్లు, లోపల 15 అంగుళాల మానిటర్ రెడ్ స్పీకర్లు. పదిహేను వాట్లు ఏ మూలకని ఈ కాలం కుర్రవాళ్లు నవ్వుతారు. అంత తక్కువ శక్తితోనే ఇల్లంతా నింపగలిగిన స్పీకర్లు అవి అని వాళ్లకు ఎవరు చెప్పాలి? మానిటర్ రెడ్ ఇంపిడెన్సు, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 15 ఓములు, క్వాడ్ 2 అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో 15 ఓముల అమరిక ఉంది. ఏది దేనికి నప్పుతుందో తెలిసి కొన్న మనిషి ఆయన.

నేను వెళ్లేసరికి నాకంటే ముందు కలకత్తా నుంచి ఒక వ్యాపారి వచ్చి బేరం పెట్టి ఉన్నాడు. అతనికి గెరార్డ్ కావాలి, ఆంప్లిఫయర్లలోని కె.టి. 66 వాల్వులు కావాలి, పెట్టెల్లోంచి విప్పిన స్పీకర్లు కావాలి. పెట్టెలు మాత్రం అక్కర్లేదట, లారీ కిరాయి దండగట. ఆవిడ అతనితో, "తలలు కోసుకుపోయి మొండేలు నాకు వదిలేస్తారా?" అని అడిగారట. నాతో ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆవిడ గొంతులో కోపం తగ్గలేదు. నేను ఆవిడ పక్షమే. ఒకే కేంద్రం మీద రెండు స్పీకర్లను కలిపిన ఈ టానాయ్ డ్యుయల్ కాన్‌సెంట్రిక్‌లో హెచ్చు స్వరాలు పలికే హారన్ అయస్కాంతం నడిమధ్య నుంచి బయటికి వస్తుంది, ఆ హారన్‌కు ముందున్న పెద్ద కోనే మూతిగా పనిచేస్తుంది, కాబట్టి మంద్రం, తారం ఒకే చోటి నుంచి పుట్టినట్టు వినిపిస్తాయి. కానీ జి.ఆర్.ఎఫ్. పెట్టెలో సగం విద్య చెక్కలోనే ఉంది. కోను వెనకవైపు గాలి లోపల మడతలు మడతలుగా కట్టిన దారుల్లో ప్రయాణించి బయటపడుతుంది, మృదంగం తొప్పి వైపు నాదం నీ కడుపులో తగిలేది అందువల్లే. దాన్ని విప్పేసి స్పీకరు ఒక్కటే పట్టుకుపోయేవాణ్ణి నేను సంగీతాభిమాని అనలేను.

"మొత్తం తీసుకుంటాను పెద్దమ్మగారూ, ఒక్క మేకు కూడా వదలను," అన్నాను. ఆవిడ ధర చెప్పారు. మేడ మీద పెంకులు దించి స్లాబు వేయించడానికి ఎంతవుతుందో అంత. ఆ అంకె నీకు ఎదురుపడినప్పుడు చెవిలో చెబుతాను, ఎందుకంటే మా ఆవిడకు తెలిసింది అందులో సగమే, ఈ ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వస్తుందో నీకు తెలుసు.

కొనడం అక్కడితో అయిపోయింది, తేవడమే మహాయజ్ఞమైంది. జయపురంలో ఒక పార్సిల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే, సిమెంటు బస్తాల మధ్య నిలబెట్టి పంపుతామనీ, పగిలితే తమ పూచీ లేదనీ, నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు చూశాక సొంత బండి మాట్లాడక తప్పలేదు. పార్వతీపురం, పాలకొండల మీదుగా వస్తే దారి చదునుగా ఉంటుంది, నిజమే. కానీ రాయగడ దాటి ఆంధ్రలోకి దిగి మళ్లీ ఒడిశాలోకి ఎక్కాలి, రెండు సరిహద్దుల దగ్గర కాగితాల గొడవ తన వల్ల కాదన్నాడు పికప్ డ్రైవరు. అందుకని కొరాపుట్ ఘాటీ ఎక్కి, లక్ష్మీపురం మీదుగా రాయగడ దిగి, గుణుపురం, కాశీనగరం దారినే రావాలని నిర్ణయమైంది. మన వైపు మలుపులు ఎలా ఉంటాయో నీకు వేరే చెప్పాలా? పెద్ద బావ స్కూటరు ప్రయాణం తలుచుకో, చాలు.

సర్దడం మొదలుపెట్టాం. ముందుగా గెరార్డ్. రికార్డు పెట్టే దాని పళ్లేన్ని తీయకుండా బండెక్కిస్తే కుదుపులకు దాని బరువంతా బేరింగు మీద పడి బేరింగు దెబ్బతింటుంది. ఆ పళ్లెం పైకి సన్నబడే నడిమి కదురు మీద బిగుసుకుని కూర్చుని ఉంటుంది, లాగితే రాదు. మా బావమరిది రెండు చేతులూ కింద పెట్టి పళ్లేన్ని పైకి పట్టి ఉంచాడు, నేను కదురు కొస మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టాను. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు. ఉన్నట్టుండి 'టక్' మని ఊడి అతని చేతుల్లోకి వచ్చింది, అతని ముఖం చూడాలి, పురిటిగది బయట ఉన్నవాడిలా అయిపోయాడు. మోటారు స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి, ఊగకుండా నాలుగు వైపులా స్పాంజి ముక్కలు దోపాం. రబ్బరు చక్రం మోటారు కప్పీకి ఆనకుండా స్విచ్చి కట్టేసిన స్థితిలో ఉందని సరిచూశాం, ఆనుకుని ఉండిపోతే రబ్బరు అక్కడ సొట్టపడి, తర్వాత ప్రతి చుట్టుకూ 'దడ్ దడ్' మంటుంది. ఇది నూనె బేరింగుది, పక్కకు వాలిస్తే నూనె కారుతుంది. కనుక దారి పొడుగునా మట్టంగా ఉంచాలి. ఎలా? బావమరిది ఒడిలో! పాపం, జయపురం నుంచి ఇంటిదాకా ముక్కు దురద పుట్టినా గోక్కోలేదు.

వాల్వులన్నీ ఊడదీసి, ఏది ఏ గుంటలోదో టేపు మీద రాసి అంటించి, దూదిలో చుట్టి గుడ్ల అట్టల్లో పెట్టాను. కె.టి. 66లు నాలుగూ జి.ఇ.సి. వారివే, అసలువి. ఇప్పుడు అవి దొరకాలంటే అదృష్టం ఉండాలి. పెట్టెల సంగతికి వస్తే, బండి కుదిపినప్పుడల్లా కోను ముందుకూ వెనక్కూ ఊగి, దాని వెనకున్న తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, రాసుకునే ప్రమాదం ఉంది. దానికొక కిటుకు చేశాను. ప్రతి స్పీకరు టెర్మినళ్లు రెండింటినీ రాగి తీగతో కలిపేశాను. కోను కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది, దారి దొరికిన ఆ కరెంటు కదలికనే అడ్డుకుంటుంది. నమ్మకపోతే నీ దగ్గరున్న పాత స్పీకరుతో ప్రయత్నించి చూడు, కలపక ముందు కోను మీద వేలితో కొడితే మోగుతుంది, కలిపాక బొంగురుపోతుంది.

వెనక పలకలు విప్పి లోపల టార్చి వేసి చూస్తే, ఎడమ పెట్టె మడతల్లో ఎలుకల కాపురం. ఒడియా పత్రిక తుంపులు, దూది, వాటితో పాటు డాక్టరుగారి మందుల చీటీ ముక్క ఒకటి, "రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత" అని ఆయన దస్తూరీలో. చెక్కను ఎక్కడా కొరకలేదు, కోను జోలికి పోలేదు. బాగా చదువుకున్న ఎలుకలు.

ఆ ముక్క పెద్దమ్మగారికి చూపిస్తే ఆవిడ లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చారు. అందులో ఆయన ఏ రోజు ఏ రికార్డు ఎన్ని వైపులు విన్నదీ రాసి, పక్కన ముల్లు ఎన్ని గంటలు అరిగిందో కూడికలు వేసుకుంటూ వచ్చారు. లెక్క నిండగానే ఎర్ర సిరాతో అడ్డగీత, "ముల్లు మార్చాను" అని. ఆ గీతల మధ్య ఒకచోట ఒక పేజీ పూర్తిగా ఖాళీగా ఉంది. అప్పుడు ఏమైందని నేను అడగలేదు. అడగాల్సింది కాదు కూడా. ఆవిడే ఏదో చెప్పబోయి, "కాఫీ చల్లారిపోతోంది" అన్నారు.

సరే, ప్రయాణం. పెట్టెలు నిలువుగానే నిలబెట్టి, కింద కొబ్బరిపీచు పరుపులు వేసి, చుట్టూ ఆవిడ ఇచ్చిన పాత బొంతలు కట్టి, పైన టార్పాలిన్ బిగించాం. నేను వెనక పెట్టెల మధ్య కూర్చున్నాను, కోపం వచ్చిన తాళ్లను సముదాయించడానికి. కొరాపుట్ చేరేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, బండి ముందు దీపాల వెలుగు రెండు బారలు దాటి పోవడం లేదు. దారిలో ఒక తనిఖీ గేటు దగ్గర ఆపి, ఇంత పెద్ద చెక్క పెట్టెలేమిటి, టేకా అని అడిగారు. కాదు, ప్లైవుడ్ మీద అక్రోటు చెక్క పొర, పాటల పెట్టెలు అన్నాను. అయితే ఒక పాట వినిపించండి అన్నాడు అక్కడి కుర్రవాడు, చలికి చేతులు రుద్దుకుంటూ. ముందు సీట్లో పళ్లెం లేని టర్న్‌టేబుల్‌ను ఒడిలో పెట్టుకుని కొయ్యబారి కూర్చున్న మా బావమరిదిని చూపించాను. జాలిపడి గేటు ఎత్తేశాడు.

రాయగడలో డ్రైవరు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టాడు, నేను కూడా దిగి మొక్కాను, నీ నాస్తికత్వం తరఫున కూడా. గుణుపురం దాటాక వంశధార గట్టున దారి బాగోలేక ఒకచోట ఎడమ పెట్టె కట్టిన తాడు తెగింది. పెట్టె నా భుజం మీదికి ఒరిగింది, అరిచాను, బండి ఆగింది. భుజం ఇంకా నొప్పిగానే ఉంది. పెట్టెకు గీత పడలేదు. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న భుజం గురించి కాదనుకో, "ఇవి ఎక్కడ పెడతారు?" అని.

ఆ రాత్రికి ఏదీ విప్పలేదు. కొండ మీది చలిలో చల్లబడిన ఇనుము మన వెచ్చని గాలి తగిలితే చెమ్మ పడుతుంది, అది ఆరాలి. తర్వాత బ్రహ్మపురం నుంచి మెకానిక్‌ను పిలిపించాను. పెద్దవాడు, ఒకప్పుడు సినిమా హాళ్ల ఆంప్లిఫయర్లు చూసినవాడు. వచ్చీ రాగానే నా చెయ్యి ప్లగ్గు మీద నుంచి తీయించేసి, "ఇన్నేళ్లు నిద్రపోయినదాన్ని ఒక్కసారి లేపకూడదు బాబూ," అంటూ వేరియాక్ పెట్టి వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాడు. కుడి ఆంప్లిఫయరు లేచింది. ఎడమదాంట్లో కె.టి. 66ల కాథోడ్ దగ్గరి 180 ఓముల రెసిస్టరు మాడిపోయి ఉంది, కప్లింగ్ కండెన్సర్లు కూడా లీకవుతున్నాయి. ఇవి వీటిలో మామూలేనట. విడిభాగాలు తెప్పించాలి, పండుగ వెళ్లేదాకా రావు.

అంటే ఇప్పుడు నా దగ్గర ఒక చెవి మాత్రమే ఉంది. స్టీరియో రికార్డులు వింటే సగం మనుషులు వినబడి సగం మంది మాయమవుతున్నారు. అందుకే ఈ ఉత్తరం ఇంత ఆత్రంగా రాస్తున్నాను. మీ తాతగారి ద్వారం వెంకటస్వామినాయుడు గారి 78 రికార్డులు అటక మీద ఉన్నాయి కదా? అవి ఎలాగూ మోనోయే, ఒక్క పెట్టెతో ఏ లోటూ ఉండదు. గెరార్డ్ 78 వేగంతో తిరుగుతుంది, డాక్టరుగారి దగ్గర 78లకు సరిపడే లావు ముల్లు వేరే హెడ్‌షెల్‌లో, అంటే ముల్లు బిగించే తలకట్టులో, ఉంది. ఎల్‌పీ ముల్లు ఆ గాడిలో అడుగుకు జారిపోతుంది, కనుక భయపడకు, అది వాడను.

బావమరిది రేపు పాతపట్నం నుంచి తొలి బస్సుకు విజయనగరం వస్తున్నాడు, ఈ ఉత్తరం అతనే తెస్తాడు. రికార్డులు అతనికే ఇచ్చి పంపు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి కట్టకు, లక్క రికార్డులు బరువుకు విరుగుతాయి. మధ్య అట్టలు పెట్టి నిలువుగా, బిగువుగా సర్దు. ఒడిలో పెట్టుకు రమ్మని అతనితో నేను చెబితే వినడు, నువ్వే చెప్పు. పందెం డబ్బులు కూడా ఆ కట్టలోనే

కరెంటు పోయింది, కొవ్వొత్తి కూడా అయిపోవస్తోంది. ఉంటాను.

నీ
గొట్టం