హాస్టల్లో స్క్రూడ్రైవర్ ఉంటే తప్పా?

సంపాదకులు గారికి,

నమస్కారం. కాలేజీలు తెరిచే రోజులు కాబట్టి ఈ ఒక్క విషయం రాయాలనిపించింది. మా హాస్టల్ రూల్స్ కాగితంలో ఇస్త్రీ పెట్టె, కెటిల్, వాటర్ హీటర్ రాడ్ నిషేధం అని ఉంటుంది. దానితో నాకు పేచీ లేదు, పాత వైరింగ్ మీద గదికో రాడ్ పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కానీ దాని కిందే "పదునైన, ప్రమాదకరమైన వస్తువులు" అని ఓ లైను ఉంటుంది చూడండి, ఆ లైను చూపించి తనిఖీకి వచ్చినప్పుడల్లా టెస్టర్, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ పట్టుకెళ్లిపోతున్నారు. వేరే కాలేజీల్లో చదివే నా ఫ్రెండ్స్ కూడా ఇదే చెప్తున్నారు. తమాషా ఏంటంటే బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో మాకు కార్పెంటరీ, ఫిట్టింగ్, హౌస్ వైరింగ్ నేర్పి మార్కులు కూడా వేస్తారు!

లేడీస్ హాస్టల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఎలక్ట్రీషియన్ అయినా ప్లంబర్ అయినా మగవాళ్లే కాబట్టి సాయంత్రం తర్వాత లోపలికి రానివ్వరు, పగలు వచ్చినా వార్డెన్ మేడమో ఆయమ్మో పక్కన ఉండాలి, ఆ టైంలో మేం క్లాసులో ఉంటాం, గదికి తాళం. కంప్లయింట్ బుక్కులో "రూమ్ లాక్డ్" అని రాసేసి వెళ్లిపోతారు. ఈలోగా బాత్రూం గడియ ఊడి వేలాడుతుంటే ఒకరు స్నానం చేస్తున్నంతసేపు ఇంకొకరు బయట కాపలా నిలబడాలి. నిజానికి అది ఐదు నిమిషాల పని. చెక్క తలుపుకు స్క్రూ పట్టే రంధ్రం వదులవుతుంది, అంతే. రెండు అగ్గిపుల్లలు విరిచి అందులో దూర్చి అదే స్క్రూ మళ్లీ బిగిస్తే గట్టిగా పట్టేస్తుంది, మా తాతయ్య చేస్తుంటే చూసి నేర్చుకున్నా. మంచం నట్లు వదులై రాత్రంతా కిర్రుకిర్రుమంటుంటే దానికీ ఒక స్పానర్ చాలు.

పనిముట్లు తీసేసుకుంటే రిపేర్లు ఆగిపోతాయా? ఆగవు. కత్తెర మొనతోనో చెంచా కాడతోనో తిప్పుతారు, జారి చెయ్యి కోసుకుంటారు. ఇంకా ఘోరం, టేబుల్ ఫ్యాన్ ప్లగ్గు పగిలితే వైరు కొనలు పళ్లతో ఒలిచి నేరుగా సాకెట్లో గుచ్చేయడం. అక్కడుండేది 230 వోల్టుల కరెంటు! ముప్ఫై నలభై రూపాయల ప్లగ్గు కొని బిగించుకోవచ్చు, బిగించడానికి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే కదా.

అలాగని గదికో వడ్రంగి షాపు పెట్టుకోనివ్వమనడం లేదు. సుత్తి, రంపం అక్కర్లేదు. సీలింగ్ ఫ్యాను, స్విచ్ బోర్డు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్) జోలికి స్టూడెంట్లు పోకూడదు, ఎంత ఆలస్యమైనా అది ఎలక్ట్రీషియన్ పనే. ప్రాజెక్టు పేరు చెప్పి మంచం మీద కూర్చుని, వైర్లు అతికించడానికి సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ వాడేవాళ్లూ ఉన్నారు (మా బ్రాంచి వాళ్లే లెండి), అది ల్యాబ్‌లోనే ఉండాలి. నేనడిగేది చిన్న పౌచ్‌లో పట్టేవి: టూ ఇన్ వన్ స్క్రూడ్రైవర్, టెస్టర్, చిన్న కటింగ్ ప్లేయర్, మంచం నట్లకు సరిపోయే స్పానర్, ఇన్సులేషన్ టేపు, కారే నల్లాకు వాషర్, నల్లా మరల మీద చుట్టే టెఫ్లాన్ టేపు.

ఏవి ఉండొచ్చో ఏవి ఉండకూడదో పేరుపేరునా రాసి నోటీసు బోర్డులో పెట్టమని యూనివర్సిటీలు, సంక్షేమ శాఖలు హాస్టళ్లకు చెప్పాలి. గురుకులాల్లో చిన్న పిల్లల చేతికి ఇవ్వమనను, అక్కడ కేర్‌టేకర్ దగ్గర ఉంటే చాలు. కాలేజీ హాస్టళ్లలోనూ గదుల్లో ఉంచడానికి భయమైతే ఫ్లోరుకో కిట్టు పెట్టి పేరు, టైం రాయించుకుని ఇవ్వొచ్చు, కాకపోతే అది రాత్రి కూడా దొరకాలి. వార్డెన్ ఇంటికెళ్లాక బీరువాలో తాళం వేసి ఉండే కిట్టుతో ఎవరికి ఉపయోగం?

ఇంకొకటి, తీసుకెళ్లిన వస్తువుకు రశీదు ఇవ్వాలి. సెలవులకు ఇంటికెళ్తూ అడిగితే "ఏ టెస్టరమ్మా?" అంటున్నారు.

- బీటెక్ విద్యార్థిని, హనుమకొండ