భుజంగాసనం: బొడ్డు నేలను వదలకూడదు

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. చేతులు కర్రల్లా నిటారుగా ఉన్నాయి, బొడ్డు నేలకు జానెడు ఎత్తున ఉంది. అది భుజంగాసనం కాదమ్మా. ఘేరండ సంహిత అనే పాత యోగ గ్రంథంలో ఈ ఆసనానికి చెప్పిన గుర్తే, బొడ్డు నుంచి కాలివేళ్ళ దాకా నేలకు ఆని ఉండడం. పాము లేపేది పడగనే కదా.

పొద్దున్నే పరగడుపున చెయ్యి. సాయంత్రమైతే తిన్నాక నాలుగు గంటలు గడవాలి. పరుపు మీద వద్దు, నడుం దిగబడుతుంది. జంపఖానా రెండు మడతలు వేసుకో.

బోర్లా పడుకుని నుదురు నేలకు ఆనించు. పాదాలు వెనక్కి చాచి, చిటికెన వేళ్ళ గోళ్ళు కూడా నేలకు తగిలేలా పెట్టు. మడమలు పక్కలకు వాలనివ్వకు. అరచేతులు ఛాతీ పక్కన, వేళ్ళ కొసలు భుజాల సూటికి ఉండాలి. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, వెనక్కి చూస్తూ ఉండాలి. పొత్తికడుపు కింది ఎముకను నేలకేసి అదిమి, అప్పుడు గాలి పీలుస్తూ తల, మెడ, ఛాతీ వరసగా ఎత్తు.

చేతులతో తొయ్యకు. లేచాక అరచేతులు అంగుళం పైకెత్తి చూడు. దబ్బున జారిపోయావంటే ఇంతసేపూ నిన్ను లేపింది చేతులే, వీపు కాదు. చేతులు ఎత్తినా నిలిచావు చూడు, అదే ఇవాళ్టికి నీ ఎత్తు. బెత్తెడే అయినా సరే. తర్వాత అరచేతులు ఆనించి కొద్దిగా సాయం తీసుకో. మోచేతులు మాత్రం వంగే ఉండాలి.

ఎందుకింత పట్టుదల అంటావేమో. పైవీపు పక్కటెముకలతో బిగిసి ఉంటుంది, త్వరగా వంగదు. నడుం ఇట్టే వంగుతుంది. చేతులతో తోసినకొద్దీ వంపంతా నడుం దగ్గరి ఒకటి రెండు పూసల మీదే పడుతుంది. నీకు మర్నాడు నడుం పట్టేసింది అందుకే. తల వెనక్కి విరిచేస్తే మెడకూ ఇదే గతి. చూపు మూడు నాలుగు అడుగుల ముందు నేల మీద నిలుపు, భుజాలు చెవుల దాకా లేవనివ్వకు. అయినా నడుంలో కలుక్కుమంటే పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి, ఎత్తు సగానికి తగ్గించు.

పైన మూడు ఊపిరులు చాలు. ఊపిరి బిగబట్టకు. గాలి వదులుతూ ముందు పొట్ట, తర్వాత ఛాతీ, గడ్డం, చివరికి నుదురు ఆనించు. మకరాసనంలో, అంటే బోర్లా పడుకుని మడిచిన చేతుల మీద తల ఆనించి, కాసేపు ఆగి మళ్ళీ చెయ్యి. మొత్తం మూడుసార్లు. ఆఖర్న మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగి శశాంకాసనంలో ఉంటే నడుం సర్దుకుంటుంది.

రోజంతా కంప్యూటర్ ముందు ముడుచుకుని కూర్చునే నీకు ఇది బాగా పనికొస్తుంది. ఛాతీ ముందు కండరాలు సాగుతాయి, వెన్నుకు అటూ ఇటూ ఉండే నిలువు కండరాలు గట్టిపడతాయి. పొట్ట కరుగుతుంది, థైరాయిడ్ నయమవుతుంది అనే మాటలు మాత్రం పట్టించుకోకు.

మణికట్టు నొప్పిగా ఉన్న రోజు మోచేతుల నుంచి అరచేతుల దాకా నేలకు ఆనించి చెయ్యి. కాలిలోకి జివ్వుమని నొప్పి పాకినా, తిమ్మిరెక్కినా ఆపేసి డాక్టరుకు చూపించు. నీ స్నేహితురాలు కూడా చేస్తానందన్నావు. తను గర్భిణి కనుక ఇది వద్దని చెప్పు. హెర్నియా ఉన్నవాళ్ళూ, కడుపు ఆపరేషనైన కొత్తలో ఉన్నవాళ్ళూ కూడా చెయ్యకూడదు.

ఆదివారం వీడియో కాల్‌లో ఫోన్ నేల మీద, నీకు పక్కగా పెట్టి చేసి చూపించు. ఎదురుగా పెడితే బొడ్డు లేచిందో లేదో నాకు కనబడదు.

అమ్మ