కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మాత్రలొక్కటే చాలవు సార్

కలెక్టర్ గారూ, నమస్తే అండి. మా తమ్ముడికి స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు, మందులతో ఎవరూ లేకున్నా చెవిలో వినపడే మాటలు తగ్గాయి గానీ ఈ జబ్బు వల్ల దెబ్బతిన్న జ్ఞాపకం, ఏకాగ్రత, ఏ పని ముందు ఏది వెనక అనే ప్లానింగ్ మాత్రం మందులతో పెద్దగా బాగవ్వవు, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాడు, జనం బద్ధకం అంటారు, ఒళ్ళు మండుద్ది. ఫోన్‌లో అలారం, గోడ మీద చార్ట్, రోజుకో గడి ఉన్న మాత్రల డబ్బా, ఒకసారికి ఒకే పని చెప్పడం, ఇవి మాకు బాగా పనికొచ్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది కదా, మరి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో మందుల చీటీతో పాటు ఇలాంటివి నేర్పే మనిషిని పెట్టండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉంది, మంచిదే, కానీ ఫోన్లో వంట నేర్పలేరుగా! వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పేరు రెండుసార్లు పిలవమనండి, చెప్పింది కాయితం మీద రాసివ్వమనండి.