ముసలి పిల్లికి వైద్యం ఎంతవరకు? కొలిచి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు దాటని పిల్లి పదిహేనేళ్లు బతకడం ఇప్పుడు మామూలే. ఆ వయసులో ఎక్కువగా పట్టుకునేది కిడ్నీ జబ్బు. అది నయం కాదు. కానీ ముందే కనిపెడితే చాలా పిల్లులు ఏళ్ల తరబడి హాయిగా గడుపుతాయి. మన దగ్గర మాత్రం రిపోర్టు చూసిన రోజే ఆశ వదిలేసేవాళ్లు కొందరు, మూలన ముడుచుకుపోయిన పిల్లిని రోజూ క్లినిక్‌కు మోసుకెళ్లి సూదులు పొడిపించేవాళ్లు కొందరు. జబ్బు ఏ దశలో ఉందో, ప్రాణి ఎంత బాధపడుతోందో కొలిచి చెప్పేవారు లేకపోవడం వల్లే ఈ రెండూ జరుగుతున్నాయి.

కిడ్నీల పనితనం ముప్పాతిక వంతు పోయాక గానీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటకు పంపాల్సిన వ్యర్థం) పెరగదు. అది డెసిలీటరుకు 1.6 నుంచి 2.8 మి.గ్రా. దాకా ఉంటే జబ్బు రెండో దశ, 5 దాకా మూడోది, ఆపైన నాలుగోది. అయితే వాంతులతో ఒంట్లో నీరు ఇంకిపోయిన పిల్లికి ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడు రోజులు సెలైన్ ఎక్కించి మళ్లీ పరీక్షిస్తే తేలిందే అసలు అంకె. మొదటి రిపోర్టు పట్టుకుని తీర్పు చెప్పడం అన్యాయం. బీపీ కూడా చూడాలి. పై అంకె 160 దాటి అలాగే ఉంటే చూపు ఉన్నట్టుండి పోవచ్చు. దానికి డాక్టరు రాసే బీపీ మందు ఆమ్లోడిపిన్ మొదటి మోతాదు సాధారణంగా 2.5 మి.గ్రా. మాత్రలో పావు ముక్కే.

చర్మం కింద సెలైన్ ఇవ్వడం ఇంట్లోవాళ్లు నేర్చుకోదగ్గ పని. రింగర్ లాక్టేట్ అనే రకం సెలైన్ సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలి. ఎత్తైన కొక్కేనికి తగిలించి, ట్యూబులో గాలి పోయేదాకా వదలాలి. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకెత్తి, దాని మొదట్లో కొత్త 20 గేజ్ సూదిని వీపుకు సమాంతరంగా దించాలి. వాడిన సూది మొద్దుబారి నొప్పి పుట్టిస్తుంది. నాలుగు కిలోల పిల్లికి మామూలుగా 100 మి.లీ. ఇస్తారు, ఎన్ని రోజులకోసారో డాక్టరే చెప్పాలి. బొచ్చు తడిసిందంటే సూది అవతలికి దూసుకుపోయినట్టే. నీటి బుడిపె జారి ముంగాలి దగ్గరకు చేరితే భయం లేదు, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మర్నాటికీ ఇంకకపోతే మళ్లీ ఇవ్వకుండా డాక్టరును అడగాలి. గుండె బలహీనంగా ఉన్నవాటికి నీరు ఊపిరితిత్తుల దగ్గర చేరుతుంది కాబట్టి, నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటితే ఆపి వెంటనే తీసుకెళ్లాలి. డెక్స్‌ట్రోజ్ (చక్కెర కలిపిన సెలైన్) సీసా మాత్రం చర్మం కింద ఎప్పుడూ వద్దు, చీముగడ్డలు కడతాయి.

తిండి విషయంలో ఒక్క మాట. కిడ్నీకి తేలికని పెరుగన్నంతో సరిపెడితే కండ కరిగిపోతుంది. ఎండుచేపల్లో ఉప్పూ భాస్వరమూ ఎక్కువ. పిల్లి రెండు రోజులు ఏమీ ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది కనుక, పథ్యం కన్నా ఏదో ఒకటి తినడం ముఖ్యం. మనం వేసుకునే పారాసెటమాల్ అర మాత్ర చాలు, దాని ప్రాణం తీయడానికి.

ఇక ఎప్పుడు ఆపాలి? అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ కూర్చిన కొలమానం ఇందుకు పనికొస్తుంది. నొప్పి లేకపోవడం, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉల్లాసం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువ ఉండటం. ఒక్కోదానికి పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే వైద్యం కొనసాగించవచ్చు. వారానికోసారి ఇంట్లో ఒక్కరే వేయాలి, పక్కనే బరువూ రాసుకోవాలి. గురగురమంటోంది కదా, బాగానే ఉందనుకోకండి. నొప్పిలోనూ పిల్లి గురగురమంటుంది. రోజంతా ఒళ్లు నాక్కునే ప్రాణి నాక్కోవడం మానేసి, నడుము మీద బొచ్చు అట్టకట్టిందంటే అది చెప్పేది వినాలి.

కారుణ్య మరణం తప్పనప్పుడు ముందు మత్తు ఇచ్చి, పూర్తిగా నిద్రలోకి జారాకే నరంలోకి అధిక మోతాదు మత్తుమందు ఎక్కించాలి. స్పృహలో ఉండగా గుండెను ఆపే పొటాషియం క్లోరైడ్ ఎక్కించడం చిత్రహింస. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయినా దిక్కుతోచనివాళ్లు రాత్రిపూట మార్కెట్ల దగ్గర వదిలేస్తూనే ఉన్నారు.

రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలకు మా విన్నపం ఇది. జిల్లా కేంద్రాల్లోని పశువైద్యశాలల్లో వారానికొక పూట పిల్లులకు కేటాయించండి. క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ అక్కడే చూడాలి. సెలైన్ ఎలా పెట్టాలో ఇంటివాళ్ల చేత ఒకసారి చేయించి పంపాలి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు ఆ మార్కుల పట్టికను తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి, ప్రతి కిడ్నీ రిపోర్టుతో పాటు చేతికివ్వాలి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం